జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్ వీ12: ఆటోమేటిక్ తీసి మాన్యువల్ గేరుబాక్సు అమర్చడం ఎలా?

5.3 లీటర్ల వీ12 ఇంజనున్న జాగ్వార్ ఎక్స్‌జే-ఎస్ నుంచి ఆటోమేటిక్ గేరుబాక్సును దించి, క్లచ్ పెడల్‌తో నడిచే మాన్యువల్ గేరుబాక్సును అమర్చదలచిన వారి కోసం ఈ వ్యాసం. ఈ కారు 1975లో విడుదలైంది. మొదట్లో దీనికి నాలుగు గేర్ల మాన్యువల్ కూడా ఇచ్చేవారు, కానీ 1979 నాటికి దానిని ఆపేశారు. అలా తయారైన మాన్యువల్ వీ12 కార్లు 352 మాత్రమేనని లెక్క. ఆ తర్వాత 1996లో ఉత్పత్తి ముగిసేవరకు కోవెంట్రీలోని బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వీ12లన్నీ ఆటోమేటిక్‌లే. అందువల్ల ఈ ఇంజనును చేతి గేర్లతో నడపాలని కోరుకునే వారికి మార్పిడి తప్ప దాదాపుగా మరో దారి లేదు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 1977 నుంచి ఈ కారులో వాడిన జనరల్ మోటార్స్ వారి టీహెచ్400 ఆటోమేటిక్ చెడ్డ గేరుబాక్సు కాదు. రోల్స్ రాయిస్ సిల్వర్ షాడోలోను, ఫెరారీ 400లోను ఇదే పెట్టె పనిచేసింది. మీ కారులో గేర్లు ఆలస్యంగా పడుతున్నాయనో, నూనె కారుతోందనో మార్పిడికి దిగితే, మరమ్మతు చేయించుకోవడమే చౌక. ఈ ఇంజను స్వభావాన్ని మీ చేతితో, మీ కాలితో అదుపు చేయాలన్న కోరిక బలంగా ఉంటేనే ఈ పని మొదలుపెట్టండి. 1993లో వచ్చిన 6 లీటర్ల కారులో నాలుగు గేర్ల ఎలక్ట్రానిక్ ఆటోమేటిక్ ఉంటుంది. దాని వైరింగ్ వేరే సంగతి కాబట్టి, ఈ వ్యాసాన్ని దానికి వర్తింపజేయకండి.

రెండో మాట కూడా అంతే ముఖ్యం. కారు ఒంటిని ఎక్కడా కోయకుండా, రేపు మరొకరు కోరితే పాత ఆటోమేటిక్‌ను యథాతథంగా తిరిగి బిగించగలిగేలా పని సాగాలి. తీసిన ప్రతి భాగాన్నీ, చివరికి బోల్టులనూ బ్రాకెట్లనూ కూడా, చీటీ కట్టి భద్రపరచాలి. గేరుబాక్సు ఎంపిక నుంచి వైరింగ్ దాకా ఈ వ్యాసంలో నేను చేసే సూచనలన్నీ ఈ నియమానికి లోబడినవే.

ఏ గేరుబాక్సు?

ప్రధానంగా నాలుగు దారులున్నాయి. మొదటిది, 1970ల నాటి జాగ్వార్ నాలుగు గేర్ల పెట్టె. అసలుతనం కోరుకునే వారికి అది సరైనదే. అయితే అందులో ఐదో గేరు లేదు, విడిభాగాలు దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. రెండోది, 3.6 లీటర్ల ఆరు సిలిండర్ల ఎక్స్‌జే-ఎస్‌లో వచ్చిన గెట్రాగ్ ఐదు గేర్ల పెట్టె. ఇది కూడా జాగ్వార్ ఇంటి సరుకే గానీ, ఆ ఇంజను వెనుక ముఖానికీ వీ12 వెనుక ముఖానికీ బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి అడాప్టర్ తప్పదు. మూడోది, ట్రెమెక్ టీ5 లేదా టీకేఎక్స్ ఐదు గేర్ల పెట్టెలు. నాలుగోది, టీ56 ఆరు గేర్ల పెట్టె.

ఈ ఎంపికను కాగితం మీద లెక్క వేసి తేల్చుకోండి. 1981 తర్వాతి హెచ్‌ఈ (హై ఎఫిషియెన్సీ) ఇంజను 3000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 432 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. టీ5 రకాల్లో బలమైన దానికే తయారీదారు ఇచ్చిన పరిమితి సుమారు 447. అంటే నెమ్మదిగా నడిపే వారికి అది చాలుతుంది గానీ, దాదాపు 1750 కిలోల బరువున్న కారును గట్టిగా ఉరికించే వారి చేతిలో ఎక్కువ కాలం మన్నదు. టీకేఎక్స్ పరిమితి 800 దాటుతుంది. డబ్బు సర్దుబాటయితే నేను దానినే సూచిస్తాను.

గేర్ల నిష్పత్తుల సంగతికి వస్తే, హెచ్‌ఈ కార్లలో డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) నిష్పత్తి 2.88. ఫ్యాక్టరీ ఇచ్చిన 215/70 ఆర్15 కొలత టైర్లతో, నేరు గేరులో (నిష్పత్తి 1.00) ప్రతి 1000 ఆర్‌పీఎంకు కారు గంటకు సుమారు 43 కిలోమీటర్లు వెళుతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగం దగ్గర ఇంజను 2800 తిరుగుతుందన్నమాట. ఐదో గేరు 0.68 ఉన్న టీకేఎక్స్‌తో ఇది 1900కు, 0.81 ఉన్నదానితో 2260కు తగ్గుతుంది. టీ56లో ఆరో గేరు 0.50 కాబట్టి అదే వేగం దగ్గర ఇంజను 1400 మాత్రమే తిరుగుతుంది. ఇంత పొడుగు (అంటే నిష్పత్తి అంకె చిన్నదైన) డిఫరెన్షియల్‌తో ఆ గేరు దాదాపు ఎప్పటికీ పనికిరాదు. పైగా ఆ పెట్టె పెద్దది కాబట్టి టన్నెల్ (కారు నేల మధ్యలో గేరుబాక్సు కూర్చునే ఉబ్బెత్తు భాగం) కోయవలసి వస్తుంది. ఈ రెండు కారణాల వల్ల ఆరు గేర్ల మోజును పక్కన పెట్టమని నా సలహా. మొదటి గేరు విషయంలో టీకేఎక్స్‌కు 3.27, 2.87 అనే రెండు రకాలున్నాయి. వీ12కు అడుగు వేగాల్లోనే కావలసినంత లాగుడు ఉంటుంది కాబట్టి 2.87 ధారాళంగా సరిపోతుంది, గేర్ల మధ్య దూరమూ తక్కువగా ఉంటుంది.

కొనేముందు సేకరించవలసినవి

గేరుబాక్సు ఒక్కటే కొని ఇంటికి తెచ్చుకుని, మిగతావి చూసుకుందాంలే అనుకుంటే పని నెలల తరబడి నిలిచిపోతుంది. వీ12కు సరిపోయే బెల్ హౌసింగ్ (ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య క్లచ్‌ను కప్పి ఉంచే గంట ఆకారపు తొడుగు) లేదా అడాప్టర్, ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంకు చివర బిగించే స్పిగాట్ బుష్, పెడల్ బాక్సు, మాస్టర్ సిలిండర్, గొట్టాలు, వెనుక మౌంటు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు జాయింటు ఇవన్నీ ఒకదానికొకటి సరిపోయేవే కావాలి. వీలైనంతవరకు బెల్ హౌసింగ్, ఫ్లైవీల్, రిలీజ్ బేరింగ్ మూడింటినీ ఒకే నిపుణుడి దగ్గర తీసుకోండి. వేర్వేరు చోట్ల కొన్న భాగాల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చినా క్లచ్ వదలదు, లేదా పట్టదు.

పెడల్ బాక్సుకు ఉత్తమమైన మూలం 3.6 లీటర్ల మాన్యువల్ ఎక్స్‌జే-ఎస్. స్టీరింగు కుడివైపున్న కార్లకూ ఎడమవైపున్న కార్లకూ ఇది వేరుగా ఉంటుంది కాబట్టి మీ కారుకు తగినదే తీసుకోండి. బ్రిటన్‌లో పాత జాగ్వార్లను విప్పి భాగాలు అమ్మేవారి దగ్గర ఇవి దొరుకుతాయి. అమెరికాలో ఉన్నవారు ఎడమ స్టీరింగు పెడల్ బాక్సు కోసం ఎక్కువ ఓపిక పట్టవలసి ఉంటుంది.

ఇన్సూరెన్సు కంపెనీకి మార్పిడి గురించి పని మొదలుపెట్టకముందే రాతపూర్వకంగా తెలియజేయండి. కారు భారతదేశంలో రిజిస్టరై ఉంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధమయ్యే మార్పులను ఆ సెక్షన్ అనుమతించదు కాబట్టి, పని మొదలుపెట్టేముందే రవాణా కార్యాలయంలో సంప్రదించడం అవసరం.

ఆటోమేటిక్‌ను దించడం

బ్యాటరీ తీగ తీసేయండి. గేరుబాక్సు నూనె పూర్తిగా వంపేయండి. టార్క్ కన్వర్టర్‌లో (ఆటోమేటిక్‌లో క్లచ్‌కు బదులుగా ఉండే, ద్రవంతో పనిచేసే భాగం) ఎంత వంపినా కొంత మిగులుతుంది కాబట్టి, దించేటప్పుడు కింద వెడల్పు పళ్లెం ఉంచండి. ఆ తర్వాత ఎగ్జాస్టు ముందు పైపులు, ఉష్ణ కవచాలు, ప్రొపెల్లర్ షాఫ్ట్, సెలెక్టర్ కేబులు, స్పీడోమీటర్ కనెక్షను, నూనె కూలర్ గొట్టాలు వరుసగా తీయాలి.

ఇంజనుతో కలిపి పైకి ఎత్తి తీయాలా, గేరుబాక్సును మాత్రమే కిందికి దించాలా అన్నది మీ దగ్గరున్న వసతిని బట్టి నిర్ణయించుకోవాలి. రెండు స్తంభాల లిఫ్టు ఉన్నవారు కింది నుంచి దించవచ్చు. నేల మీద స్టాండ్లతో పనిచేసేవారు ఇంజనును, గేరుబాక్సును కలిపి పైకి లేపడమే మేలని నేను భావిస్తాను. దీనికి కారణాలు రెండు. బెల్ హౌసింగ్ పై బోల్టులు టన్నెల్ గోడకు ఎంత దగ్గరగా ఉంటాయంటే, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించి కింది నుంచి తడుముకుంటూ విప్పాలి. తర్వాత మనం చేయబోయే కేంద్ర కొలతలు, ఇంజను స్టాండు మీద ఉన్నప్పుడు చేసినంత నమ్మకంగా కారు కింద పడుకుని చేయలేం. వీ12 ఇంజను సుమారు 300 కిలోలు ఉంటుంది. దానికి ఆటోమేటిక్ బరువు కూడా కలుస్తుంది కాబట్టి, లిఫ్టింగ్ క్రేను సామర్థ్యాన్ని పూర్తిగా చాపిన చేయి దగ్గర ఎంతో చూసుకోండి. క్రేను మీద రాసి ఉండే పెద్ద అంకె, చేయి పూర్తిగా లోపలికి ముడిచినప్పటిది.

వెనుక మౌంటు దగ్గర ప్రత్యేక జాగ్రత్త కావాలి. ఈ కారులో గేరుబాక్సు తోక మామూలు రబ్బరు దిమ్మ మీద కూర్చోదు. ఒక లావైన కాయిల్ స్ప్రింగు మీద, అడుగున ఉన్న ఉక్కు ప్లేటు ఆధారంగా నిలుస్తుంది. ఆ స్ప్రింగు ఎప్పుడూ నొక్కబడే ఉంటుంది. ప్లేటు అంచుల బోల్టులు విప్పిన క్షణాన అది ప్లేటును కిందికి విసిరేస్తుంది. అందుకని ముందు గేరుబాక్సు పాన్ కింద వెడల్పు చెక్క పెట్టి ఒక జాకీతో బరువు మోపండి. తర్వాత ప్లేటు కింద మరో జాకీ పెట్టి బోల్టులను విప్పి, ఆ జాకీని అంగుళం అంగుళంగా దించుతూ స్ప్రింగు పూర్తిగా సడలే వరకు చేయి దూరంగా ఉంచండి. స్ప్రింగు, దాని రబ్బరు దిమ్మెలు, వైసర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకుంటే, తిరిగి ఆటోమేటిక్ బిగించాలనుకున్న వారికి అది ఎంతో ఉపయోగపడుతుంది.

టార్క్ కన్వర్టర్‌ను ఫ్లెక్స్ ప్లేటుకు (ఆటోమేటిక్ కారులో ఫ్లైవీల్ చోట ఉండే పలుచని ప్లేటు) పట్టి ఉంచే బోల్టులను కింది మూత తెరిచి, క్రాంకును ముందు పుల్లీ బోల్టుతో తిప్పుతూ ఒక్కొక్కటిగా తీయాలి. గేరుబాక్సు వెనక్కి జరిగేటప్పుడు కన్వర్టర్ దానితోపాటే రావాలి. అది ఇంజను వైపు ఉండిపోతే ముందు పంపు దెబ్బతింటుంది. దించిన వెంటనే కన్వర్టర్ జారిపోకుండా బెల్ హౌసింగ్‌కు అడ్డంగా ఒక ఇనుప పట్టీ బిగించి, నూనె రంధ్రాలన్నీ మూసేయండి.

క్రాంకు చివర, ఫ్లైవీల్

ఆటోమేటిక్ కారులో క్రాంకు షాఫ్ట్ వెనుక రంధ్రంలో టార్క్ కన్వర్టర్ ముక్కు కూర్చుంటుంది. మాన్యువల్‌లో అదే చోట గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను పట్టే స్పిగాట్ బుష్ ఉండాలి. మీ క్రాంకు రంధ్రం వ్యాసాన్ని, లోతును మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలిచి, ఆ కొలతలకు కంచు బుష్‌ను లేత్ మీద చేయించండి. బయటి వ్యాసం బిగుతుగా దిగేలా, లోపలి వ్యాసం షాఫ్ట్ కొన స్వేచ్ఛగా తిరిగేలా ఉండాలి. బుష్‌ను నూనెలో ఒక రాత్రి నానబెట్టి దించడం మంచిది.

లోతు కొలత కూడా అంతే కీలకం. క్రాంకు ముఖం నుంచి బెల్ హౌసింగ్ వెనుక ముఖం వరకు ఉన్న దూరాన్ని, గేరుబాక్సు ముందు ముఖం నుంచి ఇన్‌పుట్ షాఫ్ట్ కొన వరకు ఉన్న పొడవును కొలిచి పోల్చండి. షాఫ్ట్ కొన బుష్‌లోకి తగినంత దిగాలి, కానీ రంధ్రం అడుగును తాకకూడదు. తాకితే బోల్టులు బిగించే కొద్దీ గేరుబాక్సు లోపలి బేరింగులు, క్రాంకు థ్రస్టు వైసర్లు నలిగిపోతాయి. ఆ నష్టం వెంటనే కనిపించదు, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత బయటపడుతుంది.

ఫ్లైవీల్ ఉక్కుదే కావాలి. 6500 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజనుకు పాత పోత ఇనుము ఫ్లైవీల్‌ను నమ్మకూడదు. మరీ తేలికైనది కూడా వద్దు, ఎందుకంటే బరువైన కారును పొడుగు డిఫరెన్షియల్‌తో కదిలించేటప్పుడు ఫ్లైవీల్‌లో దాచుకున్న శక్తే మీకు సాయం. ఫ్లైవీల్‌ను, ప్రెషర్ ప్లేటును విడివిడిగాను, కలిపి బిగించి కూడా బ్యాలెన్సు చేయించండి. పన్నెండు సిలిండర్ల ఇంజను సహజంగా వణుకు లేనిది కాబట్టి, ఇక్కడ పొరపాటు జరిగితే అది సీటులో కూర్చున్న వారికి వెంటనే తెలిసిపోతుంది.

రింగ్ గేరు పళ్ల సంఖ్య పాత ఫ్లెక్స్ ప్లేటుతో సరిగ్గా సమానంగా ఉండాలి. స్టార్టర్ మోటారు కోసం మాత్రమే కాదు, 1989 తర్వాతి కార్లలో వచ్చిన మారెల్లి ఇగ్నిషన్ తన వేగ సెన్సర్‌తో ఆ పళ్లనే లెక్కిస్తుంది. పళ్ల సంఖ్య మారినా, కొత్త బెల్ హౌసింగ్‌లో ఆ సెన్సర్‌కు చోటు లేకపోయినా ఇంజను సక్రమంగా నడవదు. మీ కారు అంతకుముందు లూకాస్ డిస్ట్రిబ్యూటర్ కాలానిదైతే ఈ చింత లేదు.

కేంద్రం కలిపే పని

మొత్తం మార్పిడిలో తొందరపాటు అసలు పనికిరాని దశ ఇదే. చాలామంది దీనిని వదిలేస్తారు. ఆ తర్వాత రెండో గేరు గరగరమంటోందని, క్లచ్ వణుకుతోందని గేరుబాక్సును నిందిస్తారు. బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం, క్రాంకు మధ్య గీత ఒకే సరళరేఖలో లేకపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ ప్రతి చుట్టులోనూ కొద్దిగా వంగుతుంది. ఆ భారమంతా గేరుబాక్సు ముందు బేరింగు మీద పడుతుంది. అడాప్టర్‌తో చేసే మార్పిడిలో ఈ తేడా వచ్చే అవకాశం ఫ్యాక్టరీ జతకన్నా చాలా ఎక్కువ.

స్పార్కు ప్లగ్గులన్నీ తీసేస్తే ఇంజను చేతి బలంతో తిరుగుతుంది. ఫ్లైవీల్ బిగించి, దాని మీద డయల్ గేజి (అతి చిన్న తేడాలను సూదితో చూపే కొలత పరికరం) అయస్కాంతపు ఆధారాన్ని నిలపండి. బెల్ హౌసింగ్‌ను డోవెల్ పిన్నులతో (దాని స్థానాన్ని నిలిపే పిన్నులు) కలిపి, బోల్టులన్నీ పూర్తిగా బిగించండి. గేజి సూదిని గేరుబాక్సు కాలరు కూర్చునే మధ్య రంధ్రం లోపలి అంచుకు ఆనించి సున్నా దగ్గర పెట్టండి. క్రాంకును పావు చుట్టు చొప్పున తిప్పుతూ, నాలుగు స్థానాల్లోనూ అంకె రాసుకోండి. అత్యధికానికీ అత్యల్పానికీ ఉన్న తేడా 0.13 మిల్లీమీటర్లు మించకూడదన్నది ఈ తరహా గేరుబాక్సులకు సాధారణంగా పాటించే హద్దు.

ఉదాహరణకు పైన సున్నా, కింద 0.36 వచ్చిందనుకోండి. రంధ్రం నిజంగా పక్కకు జరిగి ఉన్నది అందులో సగం, అంటే 0.18 మిల్లీమీటర్లు. దీన్ని సరిచేయడానికి పాత డోవెల్ పిన్నుల స్థానంలో అంత తేడాతో మధ్య తప్పించి చేసిన పిన్నులు వేయాలి. అవి తయారుగా దొరకకపోతే మంచి లేత్ పనివాడు చేసిస్తాడు. రెండు పిన్నులనూ ఒకే దిశలో సమానంగా తిప్పుతూ మళ్లీ కొలవండి. మధ్య రంధ్రం సరిపడిన తర్వాత, సూదిని గేరుబాక్సు ఆనే చదును ముఖం మీదికి మార్చి, ముఖం వంకర లేదని కూడా నిర్ధారించుకోండి. ఈసారి క్రాంకు ముందుకూ వెనక్కూ జరగకుండా ఒకవైపుకు ఒత్తి పట్టుకుని తిప్పాలి. లేకపోతే క్రాంకు కదలిక కూడా గేజిలో కనిపించి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. కొలతలు తృప్తికరంగా వచ్చాక పిన్నుల స్థానాన్ని చిన్న గీటుతో గుర్తించండి.

క్లచ్, హైడ్రాలిక్స్, పెడళ్లు

క్లచ్ ప్లేటు మీద ఏ వైపు ఫ్లైవీల్‌కు ఉండాలో రాసి ఉంటుంది. కేంద్రీకరించే పనిముట్టుతో దానిని మధ్యకు నిలిపి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. జిడ్డు చేతులతో ప్లేటును తాకవద్దు.

హైడ్రాలిక్ భాగాల కొలతలను అంచనాతో ఎంచుకోకూడదు. మాస్టర్ సిలిండర్ వ్యాసం 19 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 30 మిల్లీమీటర్లు అనుకుంటే, అది తోసే ద్రవం సుమారు 8.5 ఘన సెంటీమీటర్లు. రెండో చివర క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్ వ్యాసం 22 మిల్లీమీటర్లయితే దాని పిస్టన్ సుమారు 22 మిల్లీమీటర్లు కదులుతుంది. రిలీజ్ బేరింగును నెట్టే ఫోర్కు నిష్పత్తితో భాగిస్తే రిలీజ్ బేరింగు ఎంత జరుగుతుందో తెలుస్తుంది. ఆ అంకె మీ ప్రెషర్ ప్లేటు కోరిన దానికి సరిపోవాలి. పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తే పెడల్ బరువెక్కుతుంది, చిన్నది వేస్తే క్లచ్ పూర్తిగా వదలదు. బెల్ హౌసింగ్ లోపలే కూర్చునే హైడ్రాలిక్ రిలీజ్ బేరింగు వాడితే, దానికీ ప్రెషర్ ప్లేటు వేళ్లకూ మధ్య తయారీదారు చెప్పిన ఖాళీని పలుచని వైసర్లతో సరిచూడాలి. బయట బిగించే స్లేవ్ సిలిండర్‌నే నేను ఇష్టపడతాను, ఎందుకంటే లోపలిది కారితే గేరుబాక్సు మళ్లీ దించవలసిందే.

ఈ ఇంజను గదిలో వేడి చాలా ఎక్కువ. క్లచ్ గొట్టం ఎగ్జాస్టు పైపులకు వీలైనంత దూరంగా వెళ్లాలి, తప్పనిసరిగా దగ్గరికి వచ్చిన చోట వేడి తట్టుకునే తొడుగు వేయాలి. క్లచ్ గొట్టాల్లోకి డాట్ 4 రకం బ్రేకు ద్రవం చాలు.

పెడల్ బాక్సు మార్చేటప్పుడు బ్రేకు బూస్టర్ కూడా కదులుతుంది. కొత్త పెడల్ బాక్సులోని బ్రేకు పెడల్ ఆటోమేటిక్ కారులో ఉన్నదానికన్నా సన్నగా ఉంటుంది. బూస్టర్ కడ్డీ పిన్ను, దాని స్ప్లిట్ పిన్ను, బ్రేకు దీపం స్విచ్చి సరిగ్గా కూర్చున్నాయని మీ కళ్లతో మీరే చూడండి. ఇది గేరుబాక్సు పనికి అనుబంధంగా కనిపించినా, నిజానికి మీరు చేస్తున్నది బ్రేకుల పని. దీనిని వేరొకరిచేత కూడా తనిఖీ చేయించడం మంచిది.

గేరుబాక్సు ఎక్కించడం, ప్రొపెల్లర్ షాఫ్ట్

గేరుబాక్సును ఇంజనుకు కలిపేటప్పుడు రెండు ముఖాలూ చేతి ఒత్తిడితోనే కలవాలి. వేలెడు ఖాళీ మిగిలి ఉండగా బోల్టులతో లాగి దగ్గర చేస్తే ఏదో ఒకటి విరుగుతుంది. షాఫ్ట్ మధ్యలో ఉండగా గేరుబాక్సు బరువును దాని మీద వేలాడనివ్వవద్దు, క్లచ్ ప్లేటు మధ్య భాగం వంగిపోతుంది.

వెనుక మౌంటుకు కారు అడుగున స్ప్రింగు ప్లేటు బోల్టు రంధ్రాలు ఇప్పటికే ఉన్నాయి. వాటినే ఆధారం చేసుకుని కొత్త అడ్డపట్టీ తయారు చేయిస్తే ఒంటికి కొత్త రంధ్రం అవసరం రాదు. గేరు లివర్ మధ్య కన్సోల్ రంధ్రంలోకి రావాలి. టీకేఎక్స్‌లో లివర్ స్థానాన్ని ముందుకూ వెనక్కూ మార్చుకునే వీలుంది కాబట్టి ఇక్కడ పెద్ద ఇబ్బంది ఉండదు.

ఇంజను, గేరుబాక్సు తమ మౌంట్ల మీద పూర్తి బరువుతో నిలిచిన తర్వాతే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలత తీయండి. వెనుక స్లిప్ యోక్ ఉన్న పెట్టె అయితే, యోక్‌ను పూర్తిగా లోపలికి నెట్టి సుమారు 20 మిల్లీమీటర్లు వెనక్కి లాగి, అక్కడి నుంచి డిఫరెన్షియల్ ఫ్లాంజి దాకా కొలవాలి. ఈ కారులో డిఫరెన్షియల్ వెనుక సబ్‌ఫ్రేములో స్థిరంగా ఉంటుంది, చక్రాలతోపాటు పైకీ కిందికీ ఊగదు. కాబట్టి కోణాలు ఒకసారి సరిచేస్తే చాలావరకు అలాగే ఉంటాయి. గేరుబాక్సు వెనుక గీత, డిఫరెన్షియల్ ముందు గీత సమాంతరంగా ఉండాలి. రెండు జాయింట్ల కోణాల మధ్య తేడా ఒక డిగ్రీకి మించకూడదు, ఏ జాయింటు కోణమూ మూడు డిగ్రీలు దాటకపోతే మంచిది. షాఫ్ట్‌ను పొట్టి చేసి వెల్డింగ్ చేసేవారు బ్యాలెన్సు కూడా చేసి ఇవ్వాలి.

వైరింగ్, మిగిలిన కనెక్షన్లు

ఆటోమేటిక్ పోయినా దాని తీగలూ గొట్టాలూ కారులో మిగిలే ఉంటాయి. ఇంజను వాక్యూమ్ నుంచి టీహెచ్400లో గేర్ల మార్పును సర్దే మాడ్యులేటర్‌కు వెళ్లే గొట్టాన్ని మానిఫోల్డు దగ్గరే మూసేయాలి. తెరిచి వదిలితే లెక్కకు రాని గాలి లోపలికి వెళ్లి ఇంజను ఐడిల్ చెడుతుంది. కిక్‌డౌన్ స్విచ్చి (యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కింది గేరు వేయించేది) తీగలకు చివర ఇన్సులేషను చుట్టి, జాగ్రత్తగా కట్టి వదిలేయండి. రేడియేటర్‌లోని నూనె కూలర్ రంధ్రాలకు మరలున్న బిరడాలు బిగించండి. ఆ వేడి ఇక రేడియేటర్‌కు చేరదు కాబట్టి, ఎప్పుడూ వేడి సమస్యతో బాధపడే ఈ ఇంజనుకు అదో మేలు.

సెలెక్టర్ పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టర్ పనిచేసేలా చూసే నిరోధక స్విచ్చి ఉంటుంది. దాని తీగలను ఊరికే కలిపేస్తే కారు స్టార్టవుతుంది గానీ, గేరులో ఉండగా తాళం తిప్పితే కారు ముందుకు దూకుతుంది. దానికి బదులు ఆ తీగలను క్లచ్ పెడల్ దగ్గర పెట్టిన స్విచ్చికి కలపండి. రివర్సు దీపం తీగలను కొత్త గేరుబాక్సు మీది స్విచ్చికి పొడిగించండి. క్రూజ్ కంట్రోలును ఉంచుకునేవారు, క్లచ్ తొక్కగానే అది విడిపోయేలా మరో స్విచ్చి తప్పక పెట్టాలి. లేకపోతే క్రూజ్ మీద వెళుతూ క్లచ్ తొక్కిన క్షణంలో బరువు లేని ఇంజను ఒక్కసారిగా ఎర్రగీత వైపు పరుగెడుతుంది.

స్పీడోమీటర్ గేరుబాక్సు వెనుక షాఫ్ట్ నుంచి కొలుస్తుంది. డిఫరెన్షియల్, టైర్లు మారలేదు కాబట్టి కొత్త గేర్ల నిష్పత్తులు దానిపై ప్రభావం చూపవు. మారేది ఒక చుట్టుకు వెలువడే పల్సుల సంఖ్య మాత్రమే. ఎలక్ట్రానిక్ స్పీడోమీటర్ ఉన్న కార్లలో పల్సులను సరిచేసే చిన్న పరికరం పెట్టి, జీపీఎస్‌తో పోల్చి సర్దాలి. ట్రిప్ కంప్యూటర్ కూడా ఇదే సంకేతం మీద ఆధారపడుతుంది.

మొదటి పరుగు

టీకేఎక్స్‌లోను, వరల్డ్ క్లాస్ రకం టీ5లోను పోయవలసింది చిక్కటి గేరు నూనె కాదు, డెక్స్‌రాన్ రకం ఆటోమేటిక్ ద్రవమే. చిక్కటి నూనె పోస్తే సింక్రో రింగులు పట్టు తప్పి, చల్లటి ఉదయాల్లో గేర్లు మొరాయిస్తాయి. నూనె పోయడం ఇంజను స్టార్టు చేసే ముందే పూర్తి కావాలి.

వెనుక చక్రాలు గాలిలో ఉండేలా కారును గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఇంజను స్టార్టు చేసి, క్లచ్ తొక్కి ఒక్కొక్క గేరూ వేసి చూడండి. క్లచ్ పూర్తిగా తొక్కినా రివర్సు గరగరమంటే క్లచ్ వదలడం లేదన్నమాట. గొట్టాల్లో గాలి మిగిలిందా, పెడల్ ప్రయాణం చాలదా అన్నది అప్పుడే తేల్చుకోండి. తర్వాత ఇంటి ముందు నెమ్మదిగా కదిలి, అన్నిటికన్నా ముందు బ్రేకులు పరీక్షించి, ఆపై రోడ్డెక్కండి.

మొదటి 800 కిలోమీటర్లు ఊళ్లోనే, తరచూ ఆగుతూ కదులుతూ నడపాలి. క్లచ్ ఉపరితలాలు ఒకదానికొకటి సర్దుకునేది ఇలాంటి వాడకంలోనే, హైవే పరుగులో కాదు. ఆ దూరం పూర్తయ్యాక కారును మళ్లీ లేపి, అడ్డపట్టీ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజి నట్లు, బెల్ హౌసింగ్ బోల్టులు నిర్దేశిత టార్క్‌తో మరోసారి చూడండి. బెల్ హౌసింగ్ అడుగున ఉన్న చిన్న రంధ్రం దగ్గర వేలు పెట్టి చూడండి. అక్కడ నూనె తడి తగిలితే అది క్రాంకు వెనుక సీలుదో గేరుబాక్సు ముందు సీలుదో రంగును, వాసనను బట్టి గుర్తించి, క్లచ్ ప్లేటు తడవకముందే సరిచేయించండి. గేరుబాక్సు ద్రవాన్ని కూడా అప్పుడే మార్చి, వంపిన ద్రవాన్ని తెల్లటి గుడ్డ మీద పోసి చూడండి. పొడి వంటి సన్నని లోహపు మెరుపు మామూలే. గోటికి తగిలే ముక్కలుంటే మాత్రం నడపడం ఆపి, పెట్టెను దించి కేంద్ర కొలతలు మళ్లీ తీయాలి.